వల కింద వాగు

ఆగస్టు 3

వదినా,

అన్నయ్య ఉత్తరం అందింది. అందులో సగం మీ రొట్టెల పొయ్యికి కొత్త ఇటుకలు వేయించిన సంగతి, సగం నీ సంగతి. డాక్టరమ్మ నిన్ను కాలు కింద పెట్టొద్దందట. ప్రసవం దాకా మంచమేనట. మెట్లెక్కే పని లేకుండా నీ మంచాన్ని కింద పిండి బస్తాల పక్క గదిలోకి దింపారట. ఇంకేం, మహారాణిలా పడుకుని అందరిచేతా చాకిరీ చేయించుకుంటున్నావన్నమాట.

హాస్యం పక్కన పెట్టి చెబుతున్నాను, నాకు చాలా భయంగా ఉంది. పోయిన ఏడాది బిడ్డ దక్కనప్పుడు నువ్వు గోడవైపు తిరిగి పడుకున్న తీరు నేను మర్చిపోలేదు. ఈసారి అలా జరగకూడదు. నువ్వు లేచి అట్లకాడ పట్టుకున్నావని తెలిసిందో, అక్కడికొచ్చి కాళ్లు కట్టేస్తాను.

ఇక నా సంగతి. ఇక్కడ ఫోను పలకదు. సరుకుల వ్యాను వారానికి రెండుసార్లు కొండ చుట్టూ తిరిగి వస్తుంది. ఉత్తరాలు తెచ్చేదీ, తీసుకెళ్లేదీ అదే. ఉండేది నేనూ, అటవీ గార్డూ. ఆయన పొద్దున్నే మోటారు సైకిలేసుకుని గస్తీకి పోతే సాయంత్రానికే తిరిగి రావడం. నా గుమ్మం ముందు పారే వాగే ఇరుకు లోయలోంచి దిగి, మీ రొట్టెల కొట్టు వెనక నుంచి పోతుంది. అంటే నేను పైన, నువ్వు కింద. ఆడపడుచు పైనే ఉండాలని పెద్దలు ఊరికే అనలేదు. (ఏ పెద్దలూ అనలేదు, నేనే అంటున్నాను.)

నా పనేమిటని అడిగావట. ఈ వాగులో ఎవరు ఎవర్ని తింటారో, ఆ తిండి ఎక్కణ్ణుంచి వస్తుందో తేల్చడం. దట్టమైన అడవి కదా, నీళ్ల మీద ఎండ పడదు, నాచు పెద్దగా పెరగదు. అక్కడి ప్రాణులన్నీ చెట్ల మీంచి రాలే ఆకుల మీదే బతుకుతాయని మా యూనివర్సిటీ వాళ్ల నమ్మకం. అది రుజువు కావాలంటే ఆకులు ఆపి చూడాలి. అందుకని వాగులో కొంత మేర పైన వల కప్పాను. ఆకు నీళ్లలో పడకుండా వల మీదే ఆగిపోతుంది. దానికి ఎగువన ఇంకొంత మేర ఏ వలా లేకుండా మామూలుగా వదిలేశాను. రెండుచోట్లా రాళ్లు ఎత్తి చూసి, పురుగుల్ని పోల్చుకుంటాను.

వినడానికి బాగానే ఉంటుంది. కానీ రోజూ పొద్దున్నే ఆ వల దులపాలంటే మనసొప్పడం లేదు వదినా. బతికి ఉన్నదాన్ని కావాలని పస్తు పెడుతున్నాను. అది చచ్చేదాకా చూసి, ఎలా చచ్చిందో రాసుకోవాలి. నీకు తప్ప ఈ మాట ఎవరికీ చెప్పలేను.

లోపలి మనిషిని అడిగానని చెప్పు.

నీ పురుగుల ఆడపడుచు


ఆగస్టు 6

మరదలు పిల్లా,

మహారాణి అట, మహారాణి. మహారాణి పక్కన పిండి బస్తాలుంటాయా? తుమ్మితే గదంతా తెల్లబడుతుంది. మీ అన్నయ్య తెల్లవారకముందే పొయ్యి వెలిగిస్తాడు, ఆ గోడ వేడి నా వీపుకి తగులుతుంది. రొట్టెలతోపాటు నేనూ కాలుతున్నాను.

ఉన్న ఒక్క సుఖం కిటికీ. మంచం దాని పక్కనే వేయించుకున్నాను. చెయ్యి చాపితే వాగులో పడుతుందన్నంత దగ్గర. నీళ్లు రాళ్ల మీంచి దొర్లుతుంటే పక్కన ఎవరో కూర్చుని కబుర్లు చెబుతున్నట్టుంటుంది. ఆ నీళ్లు నిన్ను చూసి వచ్చినవే కదా అనుకుంటే కొంచెం ధైర్యం.

ధైర్యమంటే గుర్తొచ్చింది, నాకది బొత్తిగా లేదు. లోపలి మనిషి పొద్దున కదిలితే మధ్యాహ్నం దాకా బతుకుతాను. కదలకపోతే కడుపు మీద వేలితో కొట్టి పిలుస్తాను. పలక్కపోతే చల్లటి నీళ్లు తాగుతాను. అప్పటికీ పలక్కపోతే మీ అన్నయ్యని కేకేస్తాను. ఆయన పిండి చేతుల్తో పరిగెత్తుకొచ్చి, "ఏం కాదు, భయపడకు" అంటాడు. డాక్టరమ్మ వచ్చి "భయపడకండి" అంటుంది. పక్కింటి టైలరమ్మ "అంతా నీ ఊహ, భయపడకు" అంటుంది. వీళ్లందరికీ ఆ మాట ఎవరైనా రాసిచ్చారా అని నా అనుమానం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాగుకి తిండి ఆపడమేమిటి తల్లీ, నీకు వేరే పని దొరకలేదా? పైగా నీ సంచి నిండా ఉన్న కాగితాల మీద "శక్తి ప్రవాహం" అని రాసి ఉండేది కదా, అదేమిటి? కరెంటు సంగతా? అర్థమయ్యేట్టు రాయి. పడుకుని పడుకుని బుర్ర తుప్పు పడుతోంది.

ఒంటరిగా నీళ్లలోకి దిగకు. రాళ్లు జారతాయి.

నీ వదిన


ఆగస్టు 10

వదినా,

కరెంటు కాదు మహాతల్లీ, తిండే. ఆకు రాలి నీళ్లలో పడుతుంది. ముందు దానికి బూజు పట్టి మెత్తబడుతుంది. మెత్తబడ్డాక కొరుకుడు పురుగులు వచ్చి అంచుల నుంచి కొరుకుతాయి. వాటి నోటి నుంచి జారిన తుక్కు, వాటి పెంట నీళ్లతో కిందికి కొట్టుకుపోతాయి. కింద ఇంకో రకం పురుగులు రాళ్ల మధ్య దారాలతో చిన్న వలలు అల్లుకుని ఆ తుక్కు పట్టుకుంటాయి. వీటన్నిటినీ పెద్ద పురుగులూ, చేపలూ తింటాయి. కొన్ని పురుగులకి రెక్కలొచ్చి నీళ్లు వదిలి పైకెగిరితే, ఒడ్డున సాలీళ్లూ, పిట్టలూ, గబ్బిలాలూ కాచుకుని ఉంటాయి. అడవి ఇచ్చిన ఆకు మళ్లీ అడవి కడుపులోకే పోయిందన్నమాట. ప్రతి నోటి దగ్గరా బోలెడంత ఖర్చైపోతుంది, ఒంటికి పట్టేది కొంచెమే. ఎంత పట్టింది, ఎంత పోయింది అని చూడటమే శక్తి ప్రవాహం. మీ ఇంటి వెనక చేపలు తినేది మా చెట్ల ఆకులే. నువ్వు తినే చేప పులుసులో నా వాటా ఉంది, గుర్తుంచుకో.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. రెయిన్‌కోటు లోపల కూడా తడుస్తున్నాను. మొన్న పట్టపగలు లోయ వైపు నుంచి పెద్ద మోత వినిపించింది, లారీ లోంచి కంకర ఒక్కసారిగా గుమ్మరించినట్టు. గార్డుని అడిగితే ఉరుమన్నాడు. మేఘాలు ఆ వైపే ఉన్నాయి కాబట్టి ఉరుమే అయ్యుంటుంది.

వాగు బాగా నిండింది. వల కప్పిన చోట రాళ్లన్నీ మునిగిపోయాయి. నీళ్లు మందగించాయి, బురదగా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎడతెగకుండా గలగలలాడే వాగు అక్కడ చప్పుడు చెయ్యడం లేదు. రాళ్లు మునిగితే చప్పుడు తగ్గడం మామూలే. అయినా అలవాటైన చెవులకి అదోలా ఉంది. అన్నం తింటూ తింటూ ఆగి వింటున్నాను. ఏం వింటున్నానో నాకే తెలియదు.

అసలు కబురు వేరే ఉంది. వల కింద కొరుకుడు పురుగులు దాదాపు లేవు! ఎన్ని రాళ్లు తడిమినా ఒకటీ అరా తప్ప దొరకలేదు. ఆకులు ఆపితే అవి పోతాయని మేం అనుకున్నట్టే అయింది. ఇంత త్వరగా అవుతుందని మాత్రం అనుకోలేదు. సంతోషించాలో భయపడాలో తెలియడం లేదు. నా పరిశోధన చూసే మేడం వింటే ఎగిరి గంతేస్తుంది.

నువ్వు చల్లటి నీళ్లు మరీ ఎక్కువ తాగకు. లోపలి మనిషికి జలుబు చేస్తుంది.

నీ ఆడపడుచు


ఆగస్టు 13

మరదలా,

నీ పురుగుల పురాణం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "మా చెల్లెలు చిన్నప్పుడు చీమని చూసి మంచమెక్కేది" అన్నాడు. ఎంత ఎదిగిపోయావే!

సరే గానీ, నా ఫిర్యాదు విను. మా వాగుకి ఏం చేస్తున్నావు? వాన పడుతూనే ఉంది, ఇక్కడ నీళ్లు మాత్రం సన్నబడిపోయాయి. ముందు నేనే నమ్మలేదు. కిటికీ కింద నల్ల రాయి ఒకటుంది, ఎప్పుడూ దాని నెత్తి మాత్రమే కనిపించేది. ఇప్పుడు దాని నడుం దాకా కనిపిస్తోంది. మడుగుల్లో చిక్కుకున్న చేపల్ని వీధి వీధంతా దిగి బేసిన్లతో ఎత్తుకుపోతున్నారు. టైలరమ్మ మాకూ ఒక బేసిన్‌ తెచ్చింది. నీ వాటా కూడా మేమే తినేశాం.

అందరికీ తిరనాళ్లలా ఉంది. నాకు మాత్రం తినబుద్ధి కాలేదు. రాత్రీ పగలూ నాతో మాట్లాడే చప్పుడు ఆగిపోయింది. గదిలో పెద్దవాళ్లు ఏదో దాచిపెట్టి గుసగుసలాడుతుంటే పిల్లలకి ఎలా ఉంటుంది? అలా ఉంది. ఎందుకు తగ్గిందని అడిగితే మీ అన్నయ్య "వాగన్నాక తగ్గుతుంది, పెరుగుతుంది, నీకెందుకు" అన్నాడు.

నీ వలే మా నీళ్లు పట్టేస్తోందేమో చూడు. ఉన్నది ఒక్క కిటికీ, దానికున్నది ఒక్క వాగు. దాన్ని కూడా ఆడపడుచులు ఎత్తుకుపోతే మేమెక్కడికి పోవాలి? ఆ వల పీకి పారెయ్యి.

నిన్న లోపలి మనిషి చాలాసేపు కదల్లేదు. తర్వాత కదిలింది. ఆ మధ్యసేపు ఎలా గడిచిందో రాయలేను.

నీ వదిన


ఆగస్టు 17

వదినా,

వల పీకి పారెయ్యాలా? ఆ వల కట్టడానికి నేను చలి నీళ్లలో నడుం లోతున ఎన్నాళ్లు నిలబడ్డానో నీకు తెలుసా? వలకి కన్నాలుంటాయి తల్లీ. ఆకు ఆగుతుంది, నీళ్లు ఆగవు. పైగా అది నీళ్లలో కూడా లేదు, నీళ్ల మీద గాల్లో ఉంది. అన్నయ్య కూడా ఆ ఉత్తరం వెనక "నిజంగానే ఏమైనా ఆపావా" అని ఒక ముక్క గీకాడు. ఇద్దరూ కలిసి నా చదువుని నవ్వులాట చేస్తున్నారు.

నీళ్లు తగ్గాయంటున్నావు. ఇక్కడికొచ్చి చూడు. గట్టు తెగేలా నిండి ఉంది వాగు. నేను రోజూ సామాను కడిగే రాయి మునిగి చాలా రోజులైంది, నీళ్లు గుమ్మం ముందున్న పొదల్లోకి వచ్చేశాయి. ఇంత నీరు ఇక్కడుంటే అక్కడ తగ్గడమేమిటి? మంచం మీద పడుకుని గోరంతలు కొండంతలు చేస్తున్నావు. పొద్దస్తమానం ఒక్క రాయినే చూస్తూ ఉంటే అది పెరిగినట్టే కనిపిస్తుంది. కాస్త కిటికీ మూసి ఏదైనా పుస్తకం చదువుకో. అనవసరంగా భయపడకు.

నా పని బాగా సాగుతోంది అని రాయాలనుకున్నాను. సాగుతోందో లేదో తెలియడం లేదు. వల కింద ఇప్పుడు ఎర్రపురుగులు వచ్చాయి. అవి కదలని నీళ్లలో, గాలి అందని బురదలో ఉండే రకం. తిండి లేక మిగతావి పోయాయి కాబట్టి ఇవి చోటు చేసుకున్నాయని రాసుకున్నాను. బాగానే కుదిరింది. కానీ ఎగువన, వల లేని చోట కూడా నిన్న ఎర్రపురుగులే దొరికాయి. అక్కడ ఆకులు కావలసినన్ని పడుతున్నాయి. కొరుకుడు పురుగులు ఉండాలి. లేవు. సీసాల మీద చీటీలు తారుమారు చేశానేమోనని మళ్లీ వెళ్లి తీశాను. మళ్లీ అవే.

నీళ్ల మీద ఎగిరే ఈగలు లేవు. వాటి కోసం కొమ్మ మీద కాచుకునే నీలం పిట్ట రావడం లేదు. ఒడ్డున సాలెగూళ్లు ఖాళీగా వేలాడుతున్నాయి. గార్డు గస్తీకి పోయాక ఇక్కడ నా ఊపిరి నాకు వినిపిస్తుంది. చుట్టూ ఉన్నవన్నీ నాకు తెలియకుండా ఎప్పుడో వెళ్లిపోయాయని, నేనొక్కదాన్నే మిగిలానని అనిపిస్తుంది.

చూశావా, నిన్ను భయపడొద్దని నేనే మొదలుపెట్టాను.

నీ ఆడపడుచు


ఆగస్టు 20

మరదలికి,

"భయపడకు" అనే వాళ్లలో నువ్వు లేవనుకున్నాను. నువ్వూ చేరావు. సంతోషం.

పొద్దస్తమానం రాయిని చూస్తే పెరిగినట్టు కనిపిస్తుందా? నేను చదువుకోని దాన్నే గానీ గుడ్డిదాన్ని కాను. మూడు రోజులుగా ఇక్కడ వాన ఆగలేదు. పైకప్పు కారి రెండు పిండి బస్తాలు తడిశాయి. అంత వానలోనూ టైలరమ్మ వాగు దాటి అవతలి ఒడ్డుకి చెప్పులతో నడిచివెళ్లి, చెప్పులతో తిరిగొచ్చింది. పాదాలు తడవలేదు. ఇది కూడా నా ఊహేనా? ఉన్న ఆ కాసిని నీళ్లూ ఎర్రమట్టి రంగులో ఉన్నాయి. చెట్ల ఆకులు ఒక్కటీ కొట్టుకురావడం లేదు.

నీ దగ్గర గట్టు తెగేలా ఉన్నాయంటావు. నా దగ్గర లేవు. ఇద్దరిలో ఎవరో ఒకరం అబద్ధమాడుతున్నాం. నేను మాత్రం కాదు.

నువ్వు ఇక్కడికి వచ్చి తప్పయిందని చెప్పేదాకా నీ ఉత్తరాలు విప్పను. వచ్చినవి వచ్చినట్టు దిండు కింద పెడతాను.

నా కడుపులో ఉన్నది నాకు తెలుస్తుంది, నా కిటికీ బయట ఉన్నదీ తెలుస్తుంది. ఎవరూ నమ్మకపోతే మానండి.

వదిన


ఆగస్టు 21

వదినా, ఇది చదువుతుంటే ఆపి లే. అన్నయ్యని పిలువు. ఎత్తు గట్టు మీదున్న డాక్టరమ్మ ఆసుపత్రికి ఇప్పుడే వెళ్లిపో. ఏమీ సర్దుకోవద్దు. పొయ్యిలో రొట్టెలుంటే ఉండనీ. లేవకూడదని డాక్టరమ్మ చెప్పిందని నాకు తెలుసు. అయినా లే. వీధిలో ఎవరినీ వాగు వైపు ఉండనివ్వొద్దు. గార్డు కేకలేస్తూ వస్తాడు, ఆయన మాట వినమని చెప్పు. నేను కబురు పంపేదాకా ఆ ఇంట్లోకి మళ్లీ అడుగు పెట్టొద్దు. ఎందుకో తర్వాత చెబుతాను. లే.


ఆగస్టు 23

వదినా,

ఈ ఉత్తరం ఎవరు విప్పుతారో తెలియదు. నువ్వే విప్పాలి. నువ్వే విప్పాలి అని రాసుకుంటూ కూర్చున్నాను.

నీ కోపం ఉత్తరం మొన్న వ్యాను మీద వచ్చింది. వ్యాను వెళ్లిపోయాక తీరిగ్గా విప్పాను. అబద్ధమాడుతున్నావన్నందుకు ముందు మండిపడ్డాను. తర్వాత టైలరమ్మ చెప్పుల ముక్క దగ్గర ఆగిపోయాను. నువ్వు అబద్ధం చెప్పడం లేదు. నేనూ చెప్పడం లేదు. అయితే నీ దగ్గర తగ్గిన నీళ్లన్నీ నా దగ్గరే ఉన్నాయి. మనిద్దరి మధ్యలో ఏదో అడ్డం పడి ఉంది.

వాన వల్ల ఆ రోజు గస్తీకి పోని గార్డుని వెంటబెట్టుకుని లోయ మొదలయ్యే చోటుదాకా వెళ్లాను. కొండ చరియ ఒకటి చెట్లతో సహా జారి లోయకి అడ్డంగా కూర్చుంది. ఉరుము అనుకున్నది అదే. దాని వెనక నీళ్లు చెరువులా నిలబడి అంచుదాకా వచ్చాయి. అడుగున ఎక్కడో సన్నగా ఎర్రటి నీరు కారుతోంది, అదే నీ వాగు. మట్టి అక్కడక్కడా పెళ్లలు పెళ్లలుగా ఊడుతోంది. వెనక్కి పరిగెత్తుతూ నేను జారిపడ్డాను. ఎడమ కాలు వాచిపోయింది, కింద పెట్టలేను. నన్నెక్కించుకుంటే ఆ బురద దారిలో బండి పోదు. నాలుగు ముక్కలు రాసి ఆయన చేతికిచ్చి ఒక్కణ్ణే పంపాను. ఉత్తరాలు విప్పనన్నావు కాబట్టి, నువ్వు విప్పేదాకా కదలొద్దని చెప్పాను.

కొరుకుడు పురుగులు ఆకుల్లేక పోలేదు వదినా. అవి పారే నీళ్లలో తప్ప బతకలేవు. పారడం ఆగింది కాబట్టి పోయాయి. ముందు కింద, తర్వాత ఎగువన, నీళ్లు వెనక్కి నిండుకుంటూ వచ్చిన వరసలోనే పోయాయి. వల లేని చోట కూడా పోయినప్పుడే ఇది వల పని కాదని తెలియాలి. మొదటి ఏడాది పిల్లలకి కూడా తెలుస్తుంది. నాకు నేను కోరుకున్న ఫలితం కనిపించింది, దాన్నే చూస్తూ కూర్చున్నాను. నువ్వు ఉన్నదున్నట్టు రాస్తే నీ కళ్లని అనుమానించాను.

నిన్నంతా నీళ్లు అలాగే ఉన్నాయి. గార్డు తిరిగి రాలేదు. ఈ రోజు పొద్దున గుమ్మంలో కుర్చీ వేసుకుని, కాలు బల్ల మీద పెట్టుకుని చూస్తున్నాను. పొదల్లో ఉన్న నీళ్లు కదిలాయి. ముందు మెల్లగా, ఒడ్డున బురద గీత వదిలి వెనక్కి జరిగాయి. తర్వాత నా కళ్ల ముందే చెరువంతా ఒక పక్కకి ఒరిగినట్టు దిగిపోయింది. లోయలోంచి మోత వచ్చింది. అది చాలాసేపు ఆగలేదు. నేను "ఆగు, ఆగు" అని అరిచాను. ఎవరిని ఆగమన్నానో తెలియదు.

ఆ నీళ్లన్నీ నీ వైపే వచ్చాయి.

నువ్వు ఉత్తరం విప్పకపోతే ఆ గదిలో, ఆ కిటికీ పక్కన ఉన్నావు. విప్పి లేచి ఉంటే లోపలి మనిషికి ఏమైందో. లేవకూడని దాన్ని నేనే లేపాను. రెండు విధాలా కారణం నేనే. ఇక్కడ వాగు మళ్లీ రాళ్ల మీద గలగలమంటోంది. ఇన్నాళ్లూ ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఇప్పుడు అది వినలేక చెవులు మూసుకుంటున్నాను.

వ్యాను ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిన క్షణాన ఇది పంపుతాను. బతికున్నానని ఒక్క ముక్క రాయి. ఇంకేమీ రాయొద్దు, ఆ ఒక్క ముక్క చాలు.

నీ ఆడపడుచు


ఆగస్టు 27

మరదలా,

బతికే ఉన్నాను. ముందు ఆ ముక్క చదివి కూర్చో. మీ అన్నయ్య కూడా ఉన్నాడు. మిగతాది నెమ్మదిగా చదువు.

నీ దగ్గర్నుంచి ఇంకేదైనా ఉత్తరం దారిలో ఉందేమో, నాకైతే అందలేదు. కొండ విరిగి పడిందని, నీళ్లు దాని వెనక ఆగాయని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు. ఆ రోజు మాత్రం నాకు ఇవేమీ తెలియవు. మనిషంతా బురదై మీ గార్డు వచ్చి గదిలో నిలబడ్డాడు. కవరు ఇచ్చాడు. నేను దిండు కింద పెట్టబోయాను. "విప్పితేగానీ పోనమ్మా" అన్నాడు. ఆ మొండి మొహం చూసి చించాను.

మహారాణి లేదు. మహాతల్లి లేదు, వేళాకోళం లేదు. కింద నీ పేరైనా పెట్టలేదు. నువ్వు నాకు రాసిన వాటిలో నన్ను ఏడిపించని ఉత్తరం అదొక్కటే. వెంటనే దుప్పటి తోసేశాను.

మీ అన్నయ్య అడ్డం నిలబడ్డాడు. "పిచ్చా నీకు? వాగులో చెంబు మునిగే నీళ్లు లేవు. ఎక్కడికి పోతావు?" అన్నాడు.

"నువ్వు రాకపోతే నేను నడిచి పోతాను" అన్నాను.

"కాలు కింద పెడితే ఏమవుతుందో తెలుసుగా!"

"తెలుసు. నీకంటే ఎక్కువ తెలుసు. బండి తీస్తావా, నడవమంటావా?"

రొట్టెల తోపుడు బండి మీద బొంత పరిచి నన్ను ఎక్కించాడు. మీ అన్నయ్య తిట్టుకుంటూ తోస్తుంటే, వీధి జనం గుమ్మాల్లోకి వచ్చి నవ్వారు. "ఏమయ్యా, ఈ రోజు రొట్టె బాగా పొంగిందే" అన్నాడెవడో. గార్డు వెనక నుంచి కేకలేస్తూనే ఉన్నాడు. కొందరు విని మాతో వచ్చారు. టైలరమ్మ మిషను నెత్తిన పెట్టుకుని వచ్చింది. కొందరు రాలేదు.

మర్నాడంతా ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం ఎంత భయమో నీకు చెప్పలేను. వచ్చిన వాళ్లలో సగంమంది తిరిగి ఇళ్లకి పోయారు. ఆసుపత్రి వరండాలో నన్ను చూసి తలలు తిప్పుకున్నారు. ఆ మర్నాడు పొద్దున మీ అన్నయ్య చెప్పులేసుకున్నాడు. పొయ్యి చల్లారిపోయింది, పిండి పులిసిపోతోంది, వెళ్లి వెలిగించి వస్తానన్నాడు. వద్దంటే వినడు. నేను కడుపు పట్టుకుని నొప్పులొస్తున్నాయని అరిచాను. పచ్చి అబద్ధం. ఆయన చెప్పులు విడిచి పరిగెత్తి డాక్టరమ్మని తీసుకొచ్చాడు. ఆవిడ చెయ్యి వేసి చూసి, నొప్పుల్లేవని చెప్పడానికి నోరు తెరిచింది. నేను ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ నా మొహం చూసి, ఆయన వైపు తిరిగి, "మీరు ఎక్కడికీ కదలొద్దు" అంది.

ఆయన నా మంచం పక్కన కూర్చుని ఉండగానే వాగు వచ్చింది. గట్టు మీంచి అంతా కనిపిస్తుంది. నీళ్లలా లేదు, చెట్లూ మట్టీ కలిసి నడిచి వస్తున్నట్టుంది. మన కొట్టు పొగగొట్టం కాసేపు నిలబడి కనిపించింది, తర్వాత లేదు. కట్టెల అడితి కాపలా ముసలాయన ఇంకా దొరకలేదు. మాతో వచ్చి, తిరిగిపోయిన వాళ్లలో ఆయన ఒకడు. నా పక్కనుంచే, "వస్తానమ్మా" అని చెప్పి వెళ్లాడు. నేను ఆపలేదు. నా మొగుణ్ణి ఒక్కణ్ణే ఆపుకున్నాను.

అబద్ధం ఆడినందుకో, చూసినదానికో, మధ్యాహ్నానికి నిజం నొప్పులే వచ్చాయి. ఈసారి మీ అన్నయ్య నమ్మలేదు. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది.

ఆడపిల్ల. నెలలు నిండకుండానే వచ్చింది. పుట్టగానే ఏడవలేదు. డాక్టరమ్మ దాన్ని బోర్లించి వీపు రుద్దుతోంది, రుద్దుతూనే ఉంది. ఇక నేను గోడవైపు తిరగబోతుండగా కీచుమంది. పిల్లిపిల్ల కూడా అంతకంటే గట్టిగా అరుస్తుంది.

ఇప్పుడు గాజు పెట్టెలో ఉంది. మేనత్తకి చూపించడానికి ఇంకా ఏమీ లేదు, కాళ్లు నా వేలంత లావు. పక్కనున్న కన్నంలోంచి చెయ్యి పెట్టనిస్తారు. ఊపిరి పీలిస్తే పక్కటెముకలు లోపలికి పోతాయి. ఒక్కోసారి పీల్చడం మర్చిపోతుంది. అరికాలు తడితే గుర్తొచ్చి మళ్లీ పీలుస్తుంది. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. డాక్టరమ్మ ఈసారి భయపడొద్దని అనలేదు. "చూస్తూ ఉండండి" అంది.

చూస్తూనే ఉన్నాను. కళ్లు మూతలు పడుతున్నాయి. మీ అన్నయ్య నేను చూస్తానంటాడు, మంచివాడే. కానీ ఏం కాదులే అనుకునే మనిషి. కూర్చున్న చోటే నిద్రపోతాడు. నువ్వలా కాదు, నువ్వు భయపడతావు. నువ్వు రా.

నీ వదిన